సమూయేలు నిలిపిన రాయి, డోర్నకల్ అజరయ్య

జనగామలో రైలెక్కి విజయవాడ వైపు వెళ్తుంటే కాజీపేట, వరంగల్, మహబూబాబాద్ దాటాక డోర్నకల్ జంక్షన్ వస్తుంది. పాతతరం వాళ్ల నోట మహబూబాబాద్ ఇప్పటికీ మానుకోటే. డోర్నకల్‌లో దిగి కతీడ్రల్ ఆవరణలో అడుగుపెట్టిన కొత్తవాళ్లు ఒక్క క్షణం తికమకపడతారు. గుమ్మటాలు, మీనార్లు చూస్తే మసీదు గుర్తొస్తుంది. స్తంభాల వరుస చూస్తే గుడి మండపం అనిపిస్తుంది. తలెత్తి చూస్తే శిలువ. ఆ కట్టడం వెనుక ఉన్న మనిషి బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్య. ఆయన పేరు వినని తెలుగు క్రైస్తవులు అరుదు. ఆయన జీవితం పూర్తిగా తెలిసినవాళ్లు కూడా అంతే అరుదు.

ఆయన కథలోకి వెళ్లేముందు ఒక ప్రశ్న. భూపాలపల్లి, ములుగు వైపు సంఘాల్లో ఇది తరచుగా వినబడుతుంది. అక్కడి అడవుల్లో శిలువ ఆకారంలో పెద్ద పెద్ద రాళ్లున్నాయి కదా, అంటే మిషనరీలు రాకముందే, వెయ్యేళ్ల క్రితమే మన ప్రాంతంలో క్రైస్తవ సంఘం ఉండేదా అని. అడిగేవాళ్ల గొంతులో ఒక ఆశ ఉంటుంది. నిన్నగాక మొన్న మతం మార్చుకున్నవాళ్లని మాట పడుతున్న మనకు పాతకాలపు రాయి ఒకటి సాక్ష్యంగా దొరికితే బాగుండునన్న ఆశ. అందులో తప్పేమీ లేదు.

ఆ రాళ్లున్న మాట నిజమే. 2019 దాకా భూపాలపల్లి జిల్లాలోనే ఉండి, ఇప్పుడు ములుగు జిల్లాలోకి వచ్చిన కాటాపూర్, మల్లూరు పరిసరాల్లో అవి కనిపిస్తాయి. 19వ శతాబ్దంలో ముల్హెరన్ అనే సర్వే అధికారి వాటిని చూసి రాశాడు. స్కాట్లాండ్‌కు చెందిన జేమ్స్ ఫెర్గూసన్ 1872లో అచ్చువేసిన రూడ్ స్టోన్ మాన్యుమెంట్స్ అనే పుస్తకంలో వాటి బొమ్మలు వేసి, ఇవి క్రైస్తవ శిలువలు కావచ్చునని ఊహించాడు. ఆ ఊహే ఇప్పటికీ నోటినోటా తిరుగుతోంది. తర్వాతి పురావస్తు పరిశోధకులు మాత్రం అవి మనిషి ఆకారాలని తేల్చారు. తల, రెండు భుజాలు మాత్రం చూపే రాళ్లవి. కొన్నింటికి స్త్రీ రూపం కూడా ఉంది. ఊళ్లవాళ్లు రాకాసి గుళ్లని పిలిచే ఇనుపయుగపు సమాధుల పక్కన, తమ చనిపోయినవారి కోసం ఆనాటివాళ్లు నిలబెట్టినవి. మనవి కానివాటిని మనవని చెప్పుకోవడం సత్యానికి సాక్షులమనుకునే వాళ్లకు తగదు.

నిజంగా పాతకాలపు క్రైస్తవ రాళ్లు చూడాలంటే ఐర్లండ్ వెళ్లాలి. అక్కడ శిథిలమైన పాత చర్చీల ఆవరణల్లో 7వ శతాబ్దం నుంచి 12వ శతాబ్దం దాకా చెక్కిన రాతి పలకలు, వాటి ముక్కలు దొరుకుతాయి. క్లోన్‌మాక్‌నోయిస్ అనే ఒక్కచోటే వందల సంఖ్యలో ఉన్నాయి. ఒక్కో పలక మీద ఒక శిలువ, ఒక పేరు, ఆ పేరుగల వ్యక్తి కోసం ప్రార్థన చేయమన్న చిన్న విన్నపం. అంతే. బిరుదులు లేవు, పొగడ్తలు లేవు. పలక పగిలి సగం పేరే మిగిలినవి చాలా ఉన్నాయి. చెప్పుకోదగ్గ సంగతి ఇంకొకటుంది. ఆ విన్నపాలు ఎక్కువగా సంఘపు అధికార భాషయిన లాటిన్‌లో లేవు, ఊరివాళ్లు మాట్లాడుకునే ఐరిష్ భాషలో ఉన్నాయి. ఆ సంఘానికి పునాది వేసిన పాట్రిక్ ఐర్లండ్ వాడు కాదు, బ్రిటన్ నుంచి వచ్చినవాడు. బయటినుంచి వచ్చిన విశ్వాసం ఎప్పుడు ఆ నేలదైందో ఆ రాళ్ల మీది భాష చెబుతుంది.

మన దగ్గరా రాతిమీద సొంత భాషలో రాసుకోవడం కొత్త కాదు. డోర్నకల్‌కు పొరుగునే ఉన్న కురవిలో వెయ్యేళ్లు దాటిన తెలుగు శాసనం దొరికింది. అలాంటి నేలకు 20వ శతాబ్దం మొదట్లో ఒక తమిళుడు వచ్చారు. ఆయన కథ ఇది.

అజరయ్య 1874 ఆగస్టు 17న తిరునల్వేలి ప్రాంతంలోని వెల్లాలన్‌విలై అనే పల్లెలో పుట్టారు. తండ్రి థామస్ వేదనాయగం ఆ పల్లె గురువు. హిందూ కుటుంబంలో పుట్టి, మిషన్ బడిలో చదువుతూ క్రీస్తును నమ్ముకున్నవాడు. తల్లి ఎలెన్. కొడుకు కోసం ఏళ్ల తరబడి ప్రార్థించి కన్నది కనుక హన్నాలాగే బిడ్డకు సమూయేలని పేరు పెట్టింది. వాళ్లది తాటిచెట్ల మీద బతికే నాడార్ కులం. పై కులాలవాళ్లు తరతరాలుగా తక్కువచూపు చూసిన కులం. గొప్పింటి పిల్లవాడెవరో పేదల మీద జాలిపడి వచ్చాడని కొందరు అనుకుంటారు. అది నిజం కాదు. తక్కువచూపు అంటే ఏమిటో ఆయనకు పుట్టుకతోనే తెలుసు.

1889లో తండ్రి పోయాడు. మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో చదివారు గాని చివరి పరీక్షల వేళ జబ్బుపడి డిగ్రీ లేకుండానే బయటికి వచ్చారు. 1895లో వై.ఎం.సి.ఎ.లో చేరి యువకుల మధ్య సేవ మొదలుపెట్టారు. అమెరికా నుంచి వచ్చిన షెర్వుడ్ ఎడ్డీతో అక్కడే స్నేహం కుదిరింది. తెల్లవాడితో ఒకే బల్ల దగ్గర తిని, ఒకే గదిలో పడుకుని, కలిసి ప్రయాణాలు చేసిన ఆ స్నేహం మామూలుది కాదు. ఇది గుర్తుంచుకోవాలి, ఎడిన్‌బరోలో ఇదే పనికొస్తుంది. 1898లో అన్బు మరియమ్మాళ్‌ను పెళ్లాడారు. దక్షిణాదిలో కాలేజీ చదువు చదివిన తొలి క్రైస్తవ స్త్రీలలో ఆమె ఒకరు. కట్నం లేదు, ఆర్భాటం లేదు. కట్నం తీసుకోకుండా పెళ్లి చేసుకోవడం ఈ రోజుకీ మన సంఘాల్లో వార్తే అవుతోంది, ఆ రోజుల్లో ఎంత సాహసమో ఊహించుకోవచ్చు.

ఆయన జీవితాన్ని తిప్పిన సంఘటన 1902లో సముద్రం అవతల జరిగింది. శ్రీలంకలోని జాఫ్నాకు వెళ్లారు. అక్కడి తమిళ క్రైస్తవులు తమ చందాలతో తమ సువార్తికులను సముద్రం దాటించి ఇండియాకు పంపుతున్నారని తెలిసింది. అజరయ్య సిగ్గుపడ్డారు. తిరునల్వేలి సంఘం అంతకన్నా పెద్దది, పాతది. వేలమంది విశ్వాసులు, వందల చర్చీలు. తెల్లమిషనరీలు తమ దగ్గరికి వచ్చారని కృతజ్ఞతలు చెప్పుకోవడమే తప్ప, తాము ఇంకొకరి దగ్గరికి వెళ్లాలన్న ఆలోచనే ఆ సంఘానికి రాలేదు. ఆ సిగ్గును మనసులో మోసుకుని ఇంటికి వచ్చారు.

1903 ఫిబ్రవరి 12న తిరునల్వేలిలో ఇండియన్ మిషనరీ సొసైటీ పుట్టింది. అజరయ్య దానికి కార్యదర్శి. విదేశీ డబ్బు ఒక్క రూపాయి ముట్టకూడదన్నది నియమం. తాటిబెల్లం అమ్ముకునేవాళ్లు, బడిపంతుళ్లు, పల్లె స్త్రీలు ఇచ్చే కానుకలే ఆధారం. ఎక్కడికి వెళ్లాలని చూస్తే సువార్త అందని సీమగా కనిపించింది నిజాం రాజ్యంలోని మానుకోట తాలూకా. మరుసటి ఏడాదే మొదటి తమిళ మిషనరీ అక్కడికి చేరాడు. మన మానుకోట వాళ్ల కోసం ఎన్నడూ చూడని తమిళ పల్లె ప్రజలు అణా, అర్ధణా కూడబెట్టారు. ఈ సంగతి మన సంఘాల్లో ఎంతమంది పిల్లలకు తెలుసో!

1905 క్రిస్మస్ రోజున సీరాంపూర్‌లో, కేరీ గ్రంథాలయంలో, దేశమంతటికీ నేషనల్ మిషనరీ సొసైటీ ఏర్పడింది. అందులోనూ అజరయ్య ముందున్నారు. మనుషులు మనవాళ్లే, డబ్బు మనదే, పెత్తనం మనదే అన్నది దాని పద్ధతి. ఊరూరా తిరిగి, యువకులను మిషనరీలుగా వెళ్లమని బతిమాలేవారు. కానీ ఒక ప్రశ్న ఆయనను వెంటాడింది. ఇంకొకర్ని వెళ్లమంటున్న నేను ఎందుకు వెళ్లడం లేదు? ఇంగ్లీషు వచ్చు, పేరుంది, మద్రాసులో మంచి స్థానముంది. 1909లో అవన్నీ వదిలేసి, డీకన్ అభిషేకం పొంది, భార్యాబిడ్డలతో డోర్నకల్ వచ్చేశారు. అప్పటికి వయసు 35. కొత్తగా తెలుగు అక్షరాలు దిద్దారు. ఇంగ్లీషులో వేలమందిని కదిలించిన వక్త, గూడెంలో పిల్లలు తన తప్పులకు నవ్వుతుంటే తెలుగు మాటలు కూడబలుక్కున్నారు. ఐర్లండ్ రాళ్ల మీది భాష గురించి మొదట ఎందుకు చెప్పానో ఇప్పుడు అర్థమై ఉంటుంది. కొద్ది ఏళ్లలోనే ఆయన తెలుగులో ధారాళంగా బోధించే స్థాయికి వచ్చారు.

1910 జూన్‌లో స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. వచ్చినవాళ్లు దాదాపు 1,200 మంది. అందులో ఆసియా వాళ్లు ఇరవై మంది లోపే. అజరయ్యకు మాట్లాడే అవకాశమిచ్చారు. మర్యాదకు నాలుగు మాటలు చెప్పి కృతజ్ఞతలతో ముగిస్తారని చాలామంది అనుకుని ఉంటారు. ఆయన అలా చేయలేదు. ఇండియాలో విదేశీ మిషనరీకీ, అతని కింద పనిచేసే దేశీయ సేవకునికీ మధ్య ఉన్నది యజమానికీ జీతగాడికీ ఉండే సంబంధమేనని నిర్మొహమాటంగా చెప్పారు. ఇంటికి పిలిచి భోజనం పెట్టడం, ఎదురుపడితే చేయి కలపడం వంటి చిన్న విషయాల దగ్గరే సహవాసం తెగిపోతోందన్నారు. మిషనరీల త్యాగాన్ని తక్కువ చేయలేదు. వారు ఇచ్చినవన్నీ తలచుకుని, ఇంకా ఇవ్వనిది ఒక్కటుందని, అది స్నేహమని చెప్పి కూర్చున్నారు. సభలో కొందరు చప్పట్లు కొట్టారు, కొందరు మొహాలు ముడుచుకున్నారు. వంద సంవత్సరాలు దాటినా ఆ ప్రసంగాన్ని మిషన్ చరిత్ర చదివేవాళ్లు మరచిపోలేదు.

మద్రాసు బిషప్పు హెన్రీ వైట్‌హెడ్ (ప్రసిద్ధ తత్త్వవేత్త వైట్‌హెడ్‌కు అన్న) అంతకుముందు నుంచే ఒక ఆలోచనలో ఉన్నాడు. డోర్నకల్‌ను ప్రత్యేక డయోసిస్ చేసి అజరయ్యను బిషప్పుగా పెట్టాలని. అప్పటివరకు ఇండియాలో ఆంగ్లికన్ బిషప్పులందరూ తెల్లవాళ్లే. నల్లవాడి చేతికింద తెల్లవాళ్లు పనిచేస్తారా అని కొందరు మిషనరీలు అడ్డుపడ్డారు. అది ఊహించిందే. బాధ పెట్టేదేమంటే, మనవాళ్లలోనూ కులం లెక్కలు వేసి వ్యతిరేకించినవాళ్లున్నారు. చివరికి 1912 డిసెంబర్ 29న కలకత్తా సెయింట్ పాల్స్ కతీడ్రల్‌లో ఆయన అభిషేకం జరిగింది. వయసు 38. 1945లో కన్నుమూసేదాకా, ఇండియాలో సొంత డయోసిస్‌కు బిషప్పుగా ఉన్న భారతీయ ఆంగ్లికన్ ఆయన ఒక్కరే. తలుపు ఒకసారి తెరిచి, రెండోవాడు రాకుండా ముప్పై ఏళ్లు మూసి ఉంచారన్నమాట!

మొదట డోర్నకల్ చిన్న డయోసిస్. తర్వాత కృష్ణా, కర్నూలు వైపుల ప్రాంతాలు కూడా కలిశాయి. 1941 నాటికి ఆ డయోసిస్‌లో ఆంగ్లికన్ క్రైస్తవులు రెండు లక్షలు దాటారు. ఆ అంకెల వెనుక ఉన్నది ఎడ్లబండి. బిషప్పు ఏడాదిలో ఎక్కువ భాగం పల్లెల్లోనే ఉండేవారు. మాలవాడలు, మాదిగవాడలు, గూడేలు. నాలుగు దయ్యాలను వెళ్లగొట్టాలని చెప్పేవారట. మురికి, రోగం, అప్పు, తాగుడు. చదువురాని వాళ్లకు బైబిలు కథలు కీర్తనల రూపంలో నేర్పించారు. విశ్వాస ప్రమాణం, పరలోక ప్రార్థన, పది ఆజ్ఞలు నోటికి వచ్చాకే బాప్తిస్మం. ఆ విషయంలో ఆయన చాలా కఠినం. బాప్తిస్మం పొందినవాళ్లను నెత్తి మీద చేయి పెట్టుకోమని, తాము బాప్తిస్మం పొందినవాళ్లమని, సువార్త చెప్పకపోతే తమకు శ్రమ అని పౌలు మాటల ధోరణిలో పలికించేవారు. అంటే చందా ఇచ్చి సువార్తికుణ్ని పంపేస్తే తన పని అయిపోయిందనుకునే వీలు లేదు. కూలి చేసుకునే మనిషి కూడా సువార్తికుడే.

ఇవ్వడం గురించీ అంతే. పేదవాళ్లు, వీళ్లేమిస్తారు అని మిషన్లు అనుకునేవి. అజరయ్య ఒప్పుకోలేదు. పుచ్చుకోవడమే అలవాటైన చేయి లేచి నిలబడదని ఆయన నమ్మకం. వంట కోసం బియ్యం కొలిచేటప్పుడు స్త్రీలు ఒక పిడికెడు ప్రభువు కోసం వేరే కుండలో వేయడం, కోత పండుగకు ధాన్యం, కోళ్లు, గుమ్మడికాయలు మోసుకురావడం మన పల్లె సంఘాల్లో పాతుకుపోవడానికి ఆయన వంటివారి బోధే కారణం. క్రైస్తవుడు కానుకలివ్వడం గురించి ఆయన రాసిన చిన్న పుస్తకం చాలా దేశాల్లో చదివారు. బిషప్పమ్మ అన్బు అమ్మాళ్ ఈ పల్లె స్త్రీల మధ్యనే, ఉపదేశకుల భార్యల మధ్యనే పనిచేశారు. ఆమె గురించి రాసినవి తక్కువ. అది మన చరిత్ర రాసేవాళ్ల లోపం.

సంఘంలోకి కులం కూడా వచ్చింది. మాల క్రైస్తవులు, మాదిగ క్రైస్తవులు ఒకరి పక్కన ఒకరు కూర్చోవడానికి ఒప్పుకోని సంఘాలుండేవి. ప్రభువు బల్ల దగ్గర వేరు వరుసలు ఉండకూడదని అజరయ్య పట్టుబట్టారు. పూర్తిగా గెలిచారని చెప్పలేం. గెలిచి ఉంటే ఈ రోజు మన సంఘాల్లో పెళ్లి సంబంధాలు చూసేటప్పుడు ఆ మొదటి ప్రశ్న వినబడేది కాదు. కానీ మరో మార్పు జరిగింది. వాడల్లో మారిన జీవితాలు చూసి డెల్టా ప్రాంతాల్లో పై కులాల కుటుంబాలు కూడా వేల సంఖ్యలో సంఘంలోకి వచ్చాయి. మామూలుగా పైనుంచి కిందికి ప్రవహించే బోధ అక్కడ కిందినుంచి పైకి వెళ్లింది.

1930లలో ఆయనకు గాంధీజీతో భేదాభిప్రాయం వచ్చింది. హరిజనులు క్రీస్తును అర్థం చేసుకుని మారడం లేదని, ఇదంతా ఆశ చూపించి చేసే పని అని గాంధీజీ భావన. ఆ మాట తన పల్లెల ప్రజలను అవమానించేదని అజరయ్యకు అనిపించింది. కూలివాడికీ ఆత్మ ఉంటుంది, నిర్ణయించుకునే తెలివి ఉంటుంది అన్నదే ఆయన వాదం. అదే మనిషి, క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు ఇస్తామంటే వద్దన్నారు. మనం వేరే జాతి కాదు, ఈ ప్రజల్లోనే ఉప్పుగా ఉండాలని. రెండు వైపులా తిట్లు తిన్నారు.

ఇప్పుడు కతీడ్రల్ దగ్గరికి వద్దాం. ఇంగ్లండ్‌లోని ఏదో పట్టణపు చర్చికి నకలు కట్టించడం ఆయనకు తేలికే. అలా చేయలేదు. ఈ నేలమీద ఉన్న హిందూ, ముస్లిం నిర్మాణ పద్ధతులు రెండింటినీ తీసుకుని వాటి మధ్య శిలువను నిలిపారు. గుడిలోకి రానివ్వని కులాల వాళ్లు, గుడి మండపం లాంటి స్తంభాల మధ్య తలెత్తుకుని కూర్చున్నారు. దీనికి కొందరు మిషనరీలు కలవరపడ్డారంటే ఆశ్చర్యం లేదు. ఆరాధన క్రమం మాత్రం ఆంగ్లికన్ ప్రార్థన పుస్తకమే. కట్టడంలో చూపిన తెగువ ఆరాధనలో అంత చూపలేదని నాకనిపిస్తుంది, కాదనేవాళ్లూ ఉన్నారు. ఏళ్లు పట్టిన ఆ నిర్మాణం 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరుపుకుంది. అది ఎపిఫనీ, తూర్పు దేశపు జ్ఞానులకు క్రీస్తు ప్రత్యక్షమైన పండుగ. కతీడ్రల్ పేరూ అదే. బెత్లెహేముకు మొదట వచ్చిన పరాయివాళ్లు తూర్పువాళ్లేనని ఆ పేరు గుర్తుచేస్తుంది.

ఆయన పేరులో ఒక విశేషముంది. ఇశ్రాయేలీయులు ఫిలిష్తీయుల చేతినుంచి తప్పించుకున్నాక ప్రవక్త సమూయేలు ఒక రాయి తీసి నిలిపి దానికి ఎబెనెజరని పేరు పెట్టాడు. సహాయపు రాయి అని అర్థం. అజర్యా అన్న హెబ్రీ పేరుకు యెహోవా సహాయం చేశాడని అర్థం. రెండు పేర్లలోనూ సహాయమన్న మాట ఒకటే. రాయి నిలిపిన సమూయేలు, సహాయం పొందిన అజర్యా, ఇద్దరూ ఒక్క మనిషి పేరులో చేరారు. కన్నతల్లి అంత ఆలోచించి పెట్టిందో లేదో గాని పేరు మాత్రం సరిపోయింది. అడవిలో దొరకని క్రైస్తవ రాయి మానుకోట సీమలో 1939లో లేచింది. దానికి వెయ్యేళ్ల వయసు లేదు. కానీ అది ఎవరు నిలిపారో, ఎవరి పిడికెడు బియ్యంతో సంఘం పెరిగిందో మనకు తెలుసు.

ఆయన గుండెలో మిగిలిన కోరిక ఒకటి ఉండేది. ఒకే పల్లెలో ఆంగ్లికన్, మెథడిస్టు అని విడిపోయి ఉండటం ఆయనకు నచ్చేది కాదు. ఇంగ్లండ్‌లో ఎప్పుడో జరిగిన తగాదాలను తెలుగు కూలివాడు ఎందుకు మోయాలి? 1919 మే నెలలో తరంగంబాడిలో కొద్దిమంది సేవకులు, దాదాపు అందరూ భారతీయులే, కూడుకుని సంఘ ఐక్యత కోసం ప్రకటన చేశారు. దానికి ముందు నిలిచింది అజరయ్యే. అప్పటినుంచి కమిటీలు, ఉత్తరాలు, అభ్యంతరాలు. లొసాన్ మహాసభలోనూ ఇదే మాట చెప్పి వచ్చారు. 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇచ్చింది, డిగ్రీ పూర్తి చేయని మనిషికి! దాని గురించి ఆయన పెద్దగా చెప్పుకున్నది లేదు. ఐక్యత గురించి మాత్రం పాతికేళ్లు విసుగు లేకుండా మాట్లాడారు.

1945 కొత్త సంవత్సరం మొదటిరోజే డోర్నకల్‌లో ఆయన కన్నుమూశారు. వయసు 70. ఆ ఊళ్లోనే సమాధి చేశారు. అదే ఏడాది ఇండియాలోని ఆంగ్లికన్ సంఘపు జనరల్ కౌన్సిల్ ఐక్యతకు ఒప్పుకుంది. 1947 సెప్టెంబర్ 27న మద్రాసు సెయింట్ జార్జ్ కతీడ్రల్‌లో ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనల్ వాళ్లు కలిసి దక్షిణ ఇండియా సంఘమైనప్పుడు డోర్నకల్ డయోసిస్ అందులో చేరింది. తరంగంబాడి సమావేశం జరిగి అప్పటికి 28 సంవత్సరాలు, అజరయ్యను మట్టిలో ఉంచి రెండేళ్ల తొమ్మిది నెలలు.